స్లైడింగ్ తలుపు మూసినా మాట ఎందుకు వినిపిస్తుంది?

తలుపుల గుండా వచ్చే శబ్దం గురించి మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం స్లైడింగ్ తలుపులకు సంబంధించినవే. వాటిలో నాలుగింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాము. మొదటి ప్రశ్నకు ఇచ్చిన సమాధానంలోనే మిగిలిన వాటికి అవసరమైన ప్రాథమిక విషయం కూడా ఉన్నందువల్ల దాన్ని కొంత విస్తారంగా రాశాము. తొందరలో ఉన్నవారు సైతం ముందు దాన్ని చదివి, ఆ తర్వాత తమకు సంబంధించిన భాగానికి వెళ్ళవలసిందిగా కోరుతున్నాము.

ప్రశ్న: మా ఇంట్లో హాలుకూ నేను పనిచేసుకునే గదికీ మధ్య, గోడ మీద బిగించిన పట్టా నుంచి వేలాడే స్లైడింగ్ తలుపు ఉంది. దాదాపు రోజంతా ఫోన్‌లోనూ వీడియో సమావేశాలలోనూ మాట్లాడవలసిన ఉద్యోగం నాది. మా అత్తగారికి వినికిడి తగ్గినందువల్ల టీవీ శబ్దం ఎక్కువగా పెట్టుకుంటారు. ఆమెకున్న కాలక్షేపం అదొక్కటే కాబట్టి తగ్గించమని అడగడం నాకు ఇష్టం లేదు. తలుపు లోపల బోలుగా ఉందనీ, దాన్ని తీసేసి గట్టి చెక్కతో బరువైన తలుపు చేయిస్తే శబ్దం ఆగిపోతుందనీ వడ్రంగి చెబుతున్నారు. ద్వారం ఎత్తు 2.1 మీటర్లు, వెడల్పు 1 మీటరు. తలుపుకూ గోడకూ మధ్య 12 మిల్లీమీటర్ల ఎడం, తలుపు కింద 10 మిల్లీమీటర్ల ఎడం ఉన్నాయి. బరువైన తలుపు చేయించమంటారా?

సమాధానం: ఇప్పుడే చేయించవద్దు. మీరు కొలతలు కూడా రాసి పంపడం చాలా మంచిదైంది, ఎందుకంటే ఈ ప్రశ్నకు జవాబు ఆ కొలతలలోనే ఉంది.

మీ ద్వారం వైశాల్యం 2.1 చదరపు మీటర్లు. తలుపు పూర్తిగా మూసి ఉన్నప్పుడు కూడా రెండు నిలువు అంచుల వెంట, పైన, కింద మిగిలిపోయే సందులన్నింటినీ కలిపి లెక్కిస్తే దాదాపు 720 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. ఒక ఏ4 కాగితం వైశాల్యం 624 చదరపు సెంటీమీటర్లు. అంటే తలుపు మధ్యలో ఏ4 కాగితం కంటే పెద్ద కిటికీ కోసి, దానికి రెక్క పెట్టకుండా వదిలేస్తే ఎంత శబ్దం వస్తుందో, మీ తలుపు అంచుల నుంచి రోజూ అంత శబ్దం వస్తోందన్నమాట. అది ఒకే చోట కాకుండా చుట్టూ సన్నని గీతలా పరుచుకుని ఉండడం వల్ల కంటికి ఆనదు, అంతే. శబ్దానికి గాలి దారి దొరికితే చాలు, ఆ దారి ఏ ఆకారంలో ఉందన్నది చాలా వరకు అప్రధానం.

ఈ ఖాళీ ద్వారం వైశాల్యంలో సుమారు 3.4 శాతం. తెరచి ఉన్న భాగం గుండా శబ్ద శక్తి మొత్తం దాటిపోతుందని అనుకుంటే, మిగిలిన 96.6 శాతం భాగాన్ని ఎంత దుర్భేద్యంగా చేసినా మొత్తం తలుపు ఆపగలిగేది 15 డెసిబెల్‌లకు మించదు. ఇప్పుడున్న బోలు తలుపు రెక్క దానంతట అది 20 డెసిబెల్‌లు, గట్టి చెక్క రెక్క 30 డెసిబెల్‌లు ఆపుతాయనుకుందాం. సందులను అలాగే ఉంచి లెక్కిస్తే బోలు తలుపుతో దాదాపు 13.6, గట్టి తలుపుతో 14.6 వస్తాయి. ఇంత ఖర్చుకూ దక్కే లాభం ఒక్క డెసిబెల్. మాటల వంటి శబ్దంలో 3 డెసిబెల్‌ల మార్పు కూడా చెవికి అంతంతమాత్రంగానే తెలుస్తుంది కాబట్టి, కొత్త తలుపు బిగించిన రోజు మీకు నిరాశే మిగులుతుంది.

అదే బోలు తలుపును ఉంచుకుని సందులను పదో వంతుకు తగ్గించగలిగితే మొత్తం 18.7 డెసిబెల్‌లకు చేరుతుంది. సందులు తగ్గించిన తర్వాత గట్టి తలుపు కూడా వేయిస్తే 23.6 అవుతుంది. శబ్దం 10 డెసిబెల్‌లు తగ్గినప్పుడు అది సుమారు సగానికి తగ్గినట్లు మనకు అనిపిస్తుంది కాబట్టి, మొదటి స్థితికీ ఈ చివరి స్థితికీ మధ్య ఉన్న తేడా ఇంట్లో అందరికీ తెలిసేంత పెద్దది. ఇది స్థూలమైన లెక్క మాత్రమే. నిజానికి సన్న స్వరం, బొంగురు స్వరం ఒకే సందులోంచి ఒకే మోతాదులో దాటవు, గదిలో ఉన్న సామాను కూడా ఫలితాన్ని మారుస్తుంది. అయినా పని ఏ వరుసలో చేయాలో ఈ లెక్క స్పష్టంగా చెబుతుంది. ముందు సందులు, ఆ తర్వాతే బరువు. మీ వడ్రంగి చెప్పినది తప్పు కాదు, దాని వంతు ఇంకా రాలేదు.

స్లైడింగ్ తలుపుకే ఈ చిక్కు ఎందుకు వచ్చిందో తెలిస్తే దాన్ని ఎలా సరిచేయాలో కూడా అర్థమవుతుంది. బందుల మీద తిరిగే మామూలు తలుపు, మూసినప్పుడు ద్వారబంధానికి ఎదురుగా వచ్చి దానికి ఒత్తుకుంటుంది. ఆ ఒత్తిడిలో రబ్బరు పట్టీ నలిగి సందు మూసుకుపోతుంది. స్లైడింగ్ తలుపు గోడకు సమాంతరంగా జరుగుతుందే తప్ప గోడ వైపు కదలదు. రబ్బరును గట్టిగా తగిలేలా బిగిస్తే తలుపు జరగదు, తేలికగా జరగాలంటే ఎడం వదలక తప్పదు. కాబట్టి దీనికి చేసే ఏ ఏర్పాటైనా, తలుపు దారి పొడవునా స్వేచ్ఛగా జరిగి, ఆఖరి రెండు సెంటీమీటర్లలో మాత్రం రబ్బరుకు ఒత్తుకునేలా ఉండాలి. వడ్రంగితో మాట్లాడేటప్పుడు ఈ ఒక్క మాట ఆయనకు బోధపడేలా చెప్పండి, మిగిలిన వివరాలు ఆయనకే తడతాయి.

ముందు తలుపు వచ్చి ఆగే వైపు చూద్దాం. ఆ వైపు గోడకు ఒక నిలువు చెక్కను బిగించి, తలుపు అంచు దూరేంత గాడి అందులో తీయించి, గాడి అడుగున మెత్తని బోలు రబ్బరు పట్టీ అతికిస్తే, తలుపు చివరకు వచ్చేసరికి అంచు గాడిలోకి దూరి రబ్బరును నొక్కుతుంది. నాలుగు అంచులలో అతి సులువుగా కుదిరేది ఇదే. ఎదురు అంచు దగ్గర, అంటే తలుపు వెనుక భాగం నిలిచే చోట, ఒక చిన్న ఉపాయం కావాలి. తలుపు వెనుక వైపు ఒక నిలువు పట్టీనీ, ద్వారం పక్కన గోడకు మరొక నిలువు పట్టీనీ బిగించి, తలుపు పూర్తిగా మూసుకునే క్షణంలోనే ఆ రెండూ ఒకదానికొకటి ఆనేలా చేయాలి. రెండింటిలో ఒకదానికి రబ్బరు ఉంటే చాలు. ఇందుకోసం తలుపు ద్వారం కంటే రెండు వైపులా కనీసం 5 సెంటీమీటర్లు, వీలైతే 8 సెంటీమీటర్లు వెడల్పుగా ఉండాలి. మీ తలుపు అంత వెడల్పు లేకపోతే, ద్వారం పక్కల చెక్క చట్రం కట్టించి ద్వారాన్నే కొద్దిగా ఇరుకు చేయవచ్చు.

పై అంచు వద్ద తలుపు వెనుక భాగానికీ ద్వారం పైనున్న గోడకూ మధ్య అడ్డంగా ఒక పట్టీ వేయాలి. దీన్ని గోడకే బిగించి, తలుపు దాని రబ్బరు పెదవిని తేలికగా రాసుకుంటూ జరిగేలా చేస్తే సరిపోతుంది. పైన పెద్ద పెల్మెట్ పెట్టె కట్టించి పట్టాను కప్పితే చాలని కొందరంటారు. లోపల పట్టీ లేకుండా పెట్టె మాత్రమే కడితే పట్టా కనబడకుండా పోతుంది గాని, శబ్దానికి దారి అలాగే ఉంటుంది.

అడుగు భాగమే అన్నింటికన్నా కష్టం. ఇక్కడ డ్రాప్ సీల్ అనే పరికరం పనికివస్తుంది. తలుపు అడుగున గాడి తీసి అమర్చే ఈ పట్టీలో, తలుపు వెళ్ళి నిలువు చెక్కకు తగలగానే ఒక చిన్న బొత్తాం నొక్కుకుని, లోపలున్న రబ్బరు కిందికి దిగి నేలను తాకుతుంది. తలుపు తెరవడం మొదలుపెట్టగానే రబ్బరు తిరిగి పైకి వెళ్ళిపోతుంది. స్లైడింగ్ తలుపుల కోసం ప్రత్యేకంగా చేసినవి ఉంటాయి కాబట్టి అవే అడగండి. రబ్బరు దిగే చోట నేల నున్నగా, సమతలంగా ఉండాలి. పలకల మధ్య లోతైన గీతలు గాని, తివాచీ గాని ఉంటే అక్కడ ఒక పలుచని గడప పట్టీ అతికించుకోవాలి. తలుపు ఊగకుండా నేలకు బిగించే గైడు కూడా తలుపు అడుగున ఉన్న గాడిలోనే నడుస్తుంది కాబట్టి, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా ముందే చూసుకోండి. ఆ గైడును తలుపు చివరకు వచ్చేటప్పుడు దాన్ని గోడ వైపు కొద్దిగా నెట్టే విధంగా ఏటవాలుగా చేయిస్తే, పక్కల ఉన్న రబ్బరు పట్టీలన్నీ ఒకేసారి నొక్కుకుంటాయి. తలుపు వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచే గడియ ఒకటి తప్పనిసరి, లేకపోతే నొక్కుకున్న రబ్బరే తలుపును వెనక్కి నెట్టేస్తుంది.

బ్రష్ పట్టీల గురించి ఒక మాట. అంగళ్ళలో ముందుగా చూపించేది వాటినే. దుమ్మును, పురుగులను, గాలి తోపును అవి బాగానే ఆపుతాయి. వెంట్రుకల మధ్య గాలి ఆడుతూనే ఉంటుంది కాబట్టి శబ్దం విషయంలో రబ్బరుకు సాటి రావు. వాడక తప్పని చోట, వెంట్రుకల నడుమ పలుచని ప్లాస్టిక్ రేకు ఉన్న రకం ఎంచుకోండి.

ఇవన్నీ చేసి, రెండు వారాలు గడిపి, అప్పటికీ టీవీ మాటలు ఇబ్బంది పెడుతున్నాయనిపిస్తే బరువు గురించి ఆలోచించండి. తలుపు బరువు రెట్టింపైతే అది ఆపే శబ్దం సిద్ధాంతం ప్రకారం 6 డెసిబెల్‌లు పెరుగుతుంది, ఆచరణలో కొంచెం తక్కువ. మొత్తం తలుపు మార్చకుండా, లోపలి వైపు 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసిన) పలక బిగించినా చదరపు మీటరుకు దాదాపు 13 కిలోల బరువు చేరుతుంది. మీ తలుపంత పెద్ద తలుపు మీద అది 28 కిలోలకు పైనే. అందుచేత ముందుగా పట్టా, రోలర్లు ఎంత బరువుకు తయారైనవో, అవి బిగించిన గోడ ఆ బరువును మోయగలదో తెలుసుకోకుండా ఒక్క కిలో కూడా పెంచవద్దు. వేలాడే తలుపు ఊడిపడడం ప్రాణాపాయం.

చివరగా మీ అత్తగారి గురించి. టీవీ శబ్దాన్ని గది చివరి నుంచి కాకుండా ఆమె కుర్చీ పక్కన పెట్టిన చిన్న స్పీకరు నుంచి వినిపించే ఏర్పాటు చేసి చూడండి. బయలు ప్రదేశంలో దూరం సగమైతే శబ్దం 6 డెసిబెల్‌లు పెరుగుతుంది. గోడల ప్రతిధ్వని ఉన్న గదిలో అంత లాభం రాకపోయినా, ఆమెకు మాటలు ఇప్పటికంటే స్పష్టంగా వినిపిస్తాయి, హాలులో మొత్తం శబ్దం మాత్రం తగ్గుతుంది. తలుపుకు చేసే ఏ పని కన్నా ముందు దీన్ని చేయమని నా సలహా, ఎందుకంటే దీనివల్ల ఆమెకు కూడా మేలు జరుగుతుంది.

ప్రశ్న: మా పడకగదికి బాల్కనీ వైపు అల్యూమినియం చట్రంలో 5 మిల్లీమీటర్ల గాజుతో రెండు రెక్కల స్లైడింగ్ తలుపు ఉంది. రాత్రంతా వాహనాల రొద. హారన్లు ఒక రకంగా, బరువైన బండ్ల గుర్రు మరొక రకంగా బాధిస్తున్నాయి. డబుల్ గ్లేజింగ్ వేయిస్తే రెండూ పోతాయని అమ్మకందారు అంటున్నారు. నిజమేనా?

సమాధానం: హారన్లు, గుర్రు రెండు వేర్వేరు సమస్యలని మీరే గుర్తించారు. వాటికి మందులు కూడా వేర్వేరే.

హారను, బ్రేకుల కీచు, మనుషుల మాటలు వంటి ఎక్కువ పౌనఃపున్యం ఉన్న శబ్దాలు ప్రధానంగా సందుల నుంచి వస్తాయి. రాత్రి గదిలో దీపం ఆర్పి, బాల్కనీ వైపు ఒకరిని టార్చితో తలుపు అంచుల వెంట నెమ్మదిగా వెలుగు నడిపించమనండి. వెలుతురు కనబడే చోటల్లా శబ్దానికి దారి ఉన్నట్లే. వెలుతురు కనబడని వంకర దారులు కూడా ఉంటాయి కనుక, గాలి వీచే రోజున పలుచని టిష్యూ కాగితం ముక్కను అంచుల వెంట పట్టుకుని అది ఎక్కడ కదులుతుందో చూడండి. రెండు రెక్కలు మధ్యలో ఒకదానినొకటి దాటుకునే నిలువు భాగం, దానికి పైనా కిందా ఉండే మూలలు, ఈ మూడు చోట్లా తప్పక కదులుతుందని నా అనుభవం.

చాలా పాత తలుపులలో లోపం గాజుది కానే కాదు, రోలర్లది. అవి అరిగిపోవడంతో రెక్క కిందికి దిగి, పైన సందు పడుతుంది. రెక్క ఒక పక్కకు ఒరిగి మధ్యలోని కొక్కెం పట్టీలు కూడా సరిగా కలవవు. రెక్క అడుగున అంచులో రోలరు ఎత్తును సరిచేసే స్క్రూ సాధారణంగా ఉంటుంది. రోలర్లు మార్చి, రెక్కను నిటారుగా నిలిపి, ఎండకు ఎండి అణిగిపోయిన పట్టీలను కొత్తవాటితో మార్చండి. ఖర్చు తక్కువైన ఈ పని ముగిసేదాకా కొత్త గాజు మాట ఎత్తవద్దు. అయితే ఒక హెచ్చరిక. అడుగు పట్టాలో బయటి వైపు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి, అవి వాన నీరు బయటకు పోవడానికి పెట్టినవి. శబ్దం వస్తోందని వాటిని సిలికాన్‌తో మూసేస్తే నీరు పట్టాలో నిలిచి గదిలోకి పొర్లుతుంది.

ఇక బండ్ల గుర్రు. ఈ తక్కువ పౌనఃపున్యపు శబ్దానికి సందుతో పని లేదు, గాజును కదిలించి దాని గుండానే లోపలికి వస్తుంది. మీ 5 మిల్లీమీటర్ల గాజు చదరపు మీటరుకు 12.5 కిలోలు మాత్రమే ఉంటుంది. డబుల్ గ్లేజింగ్‌ను వేడి, చలి ఆపడానికి రూపొందించారు. ఆ పని అది చక్కగా చేస్తుంది. శబ్దం దగ్గరకు వచ్చేసరికి, రెండు గాజు పలకలూ వాటి మధ్య బంధించిన గాలీ కలిసి, రెండు బరువుల మధ్య స్ప్రింగు పెట్టినట్లు ప్రవర్తిస్తాయి. 5 మిల్లీమీటర్ల గాజులు రెండింటిని 12 మిల్లీమీటర్ల ఎడంతో పెడితే ఆ కూర్పు 220 హెర్ట్జ్ దగ్గర తనంతట తాను ఊగడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ ప్రాంతంలో అది ఒంటి మందపాటి గాజు కన్నా తక్కువ శబ్దాన్నే ఆపవచ్చు. వాహనాల రొదలో ఆ పౌనఃపున్యాలు పుష్కలంగా ఉంటాయి. కాబట్టి అమ్మకందారు మాట హారన్ల వరకు కొంత నిజం, గుర్రు విషయంలో నమ్మదగినది కాదు.

అదే రెండు గాజుల మధ్య ఎడాన్ని 10 సెంటీమీటర్లకు పెంచితే ఆ ఊగే స్థానం 76 హెర్ట్జ్ దగ్గరకు దిగిపోతుంది, దానికి బాగా పైనున్న శబ్దాలన్నీ గట్టిగా ఆగుతాయి. అందువల్ల గోడ మందం అనుమతిస్తే, ఇప్పుడున్న తలుపును సరిచేసి అలాగే ఉంచి, గది లోపలి వైపు 10 సెంటీమీటర్లు లేదా అంతకు మించిన ఎడంతో రెండో స్లైడింగ్ తలుపు వేయించడమే నేను మొదట సిఫారసు చేసే మార్గం. లోపలి తలుపుకు వేరే మందం గాజు, వీలైతే లామినేటెడ్ గాజు వాడండి. ప్రతి గాజుకూ తన మందాన్ని బట్టి ఒక బలహీనమైన పౌనఃపున్యం ఉంటుంది. 5 మిల్లీమీటర్ల గాజుకు అది సుమారు 2400 హెర్ట్జ్, 6 మిల్లీమీటర్ల గాజుకు సుమారు 2000 హెర్ట్జ్. రెండు తలుపుల మందాలు వేరైతే ఒకదాని బలహీనతను మరొకటి కప్పుతుంది. లామినేటెడ్ గాజులో రెండు పలకల మధ్యనున్న మెత్తని పొర కంపనాన్ని మింగేసి ఆ బలహీనతను ఇంకా తగ్గిస్తుంది.

తలుపు పూర్తిగా మార్చదలచుకుంటే లిఫ్ట్ అండ్ స్లైడ్ రకం చూడండి. దాని పిడి తిప్పితే రెక్క పైకి లేచి జరుగుతుంది, తిరిగి తిప్పితే కిందికి దిగి రబ్బరు మీద తన బరువంతా మోపి కూర్చుంటుంది. మొదటి సమాధానంలో చెప్పిన ఆఖరి క్షణపు ఒత్తిడిని యంత్రమే చేసి పెడుతుందన్నమాట. రెక్కల సంఖ్య ఎంత తక్కువైతే అంత మంచిది. మూడు రెక్కలంటే మధ్యలో రెండు అతుకులు. అమ్మకందారు పత్రాలలో చూపే ఆర్‌డబ్ల్యూ అంకె, అంటే ఎన్ని డెసిబెల్‌లు ఆపుతుందో చెప్పే అంకె, గాజుదా, చట్రంతో సహా మొత్తం తలుపుదా అని తప్పక అడగండి. దాని పక్కన సీటీఆర్ అనే రుణ సంఖ్య కూడా ఉంటుంది. వాహనాల రొద వంటి శబ్దానికి ఆ రెండింటినీ కలిపి వచ్చే అంకెనే చూడాలి.

తలుపు ఇలా బిగుతుగా మూసుకున్న తర్వాత గదిలోకి తాజా గాలి రావడానికి వీధి వైపు కాని మరో దారి ఉండాలన్నది మరువవద్దు.

ప్రశ్న: స్లైడింగ్ తలుపుకు గుడ్ల అట్టలా ఉండే ఫోమ్ పలకలు అతికిస్తే శబ్దం ఆగుతుందా? మందపాటి తెర వేస్తే?

సమాధానం: ఫోమ్ వల్ల ఆగదు. అది తన గదిలోని ప్రతిధ్వనిని తగ్గిస్తుంది. రికార్డింగు గదులలో దాన్ని అందుకోసమే వాడతారు. శబ్దాన్ని అవతలికి పోకుండా ఆపాలంటే బరువూ, గాలి చొరని బిగువూ కావాలి, ఫోమ్‌లో ఆ రెండూ లేవు. మందపాటి తెరను పైకప్పు నుంచి నేల వరకు, ద్వారం పక్కల బాగా దాటేలా నిండు కుచ్చిళ్ళతో వేస్తే సన్నని శబ్దాల పదును కొంత తగ్గుతుంది. సందులు మూయడానికి అది ప్రత్యామ్నాయం మాత్రం కాదు. ఈ రెండింటిలో దేనికైనా డబ్బు పెట్టాలని మీరు అనుకుంటే, ఆ డబ్బును ముందు రబ్బరు పట్టీలకు వెచ్చించండి.

ప్రశ్న: నేను మానసిక ఆరోగ్య సలహా కేంద్రం నడుపుతున్నాను. మాట్లాడే గదికీ నిరీక్షణ గదికీ మధ్య గోడలోకి జారిపోయే స్లైడింగ్ తలుపు ఉంది. లోపలివారి మాటలు బయట కూర్చున్నవారికి వినిపిస్తున్నాయని ఈ మధ్యనే తెలిసి చాలా కలత చెందాను. చక్రాల కుర్చీలో వచ్చేవారు ఉన్నందువల్ల బందుల తలుపు పెట్టడానికి చోటు చాలదు. ఏం చేయాలి?

సమాధానం: మీ కలత అర్థం చేసుకోదగినది. మనసు విప్పి మాట్లాడవలసిన చోట ఒక్క మాట బయటకు పొక్కినా నమ్మకం చెదురుతుంది, కాబట్టి మీ తలుపును ఇంటి తలుపుల కన్నా కఠినమైన కొలతతో చూడాలి.

మాట అర్థం కావడానికి ముఖ్యమైనవి హల్లులు. వాటిలో స, ష, చ, ట, క వంటి వాటి శక్తి ఎక్కువగా 2000 హెర్ట్జ్, ఆపైన ఉంటుంది. ఆ శబ్దాల తరంగదైర్ఘ్యం 17 సెంటీమీటర్లు, అంతకంటే తక్కువ. అవి గోడను సులువుగా దాటలేవు, సందును మాత్రం దాటుతాయి. మీకిది ఒక రకంగా శుభవార్త. సందులు మూస్తే ముందుగా ఆగిపోయేవి హల్లులే కాబట్టి, లోపల ఎవరో మాట్లాడుతున్నారని బయట తెలిసినా ఏం మాట్లాడుతున్నారో తెలియకుండా పోతుంది.

గోడలోకి జారే తలుపుకు ఒక అదనపు లోపం ఉంది. తలుపు దాక్కునే చోట గోడ రెండు పలుచని పలకలుగా మిగిలిపోతుంది. ఆ పలకల మధ్య తలుపు జారే ఖాళీ అర యొక్క నోరు తలుపు మూసినప్పుడు కూడా తెరుచుకునే ఉంటుంది. ఆ నోటికి రెండు వైపులా నిలువునా రబ్బరు పెదవి పట్టీలు బిగించి, తలుపు వెనుక అంచుకు అమర్చిన పట్టీ చివరి క్షణంలో వాటికి ఆనేలా చేయించండి. అరకు ఇరువైపులా ఉన్న గోడ పలకల మీద మరొక పొర జిప్సం బోర్డు వేయించడం అవసరం. అడుగున గడప ఎత్తు పెంచితే చక్రాల కుర్చీకి అడ్డమవుతుంది గనుక డ్రాప్ సీల్ ఒక్కటే తగిన మార్గం. ఇవన్నీ బిగించిన తర్వాత కుర్చీలో కూర్చున్న వ్యక్తి ఒక చేత్తో తలుపు తీయగలుగుతున్నారో లేదో వారి చేతనే తీయించి చూడండి. ఆ తలుపు అత్యవసర నిష్క్రమణ మార్గంలో ఉంటే భవన భద్రత చూసే అధికారులను అడగకుండా ఏ మార్పూ చేయవద్దు.

తలుపు పైన గోడ పైకప్పు వరకు వెళ్ళిందా, లేక అలంకారపు ఫాల్స్ సీలింగు దగ్గరే ఆగిపోయిందా అన్నది ఒక పలక తీసి చూడండి. ఆగిపోయి ఉంటే మాటలు తలుపును వదిలి పైనుంచి వెళ్ళిపోతున్నట్లే, అప్పుడు ముందు అక్కడ గోడ పూర్తి చేయించాలి. మాట్లాడే గదిలో కుర్చీలను తలుపుకు దూరంగా, మాట్లాడేవారి ముఖం తలుపు వైపు ఉండకుండా అమర్చండి. నిరీక్షణ గదిలో తలుపు దగ్గరి కుర్చీలు తీసేసి, అక్కడ ఫ్యాను గాలి వంటి సమమైన మృదువైన శబ్దాన్ని సుమారు 40 నుంచి 45 డెసిబెల్‌ల మధ్య నిరంతరం వినిపించే చిన్న యంత్రం పెట్టండి. ఈ యంత్రాన్ని బయటి గదిలోనే పెట్టాలి, మీ గదిలో పెడితే లోపలివారు గొంతు పెంచుతారు.

పని పూర్తయ్యాక ఒక పరీక్ష చేయండి. మీ సహాయకురాలిని లోపల కూర్చోబెట్టి, ఒకదానితో ఒకటి సంబంధం లేని 50 మాటలను మామూలు గొంతుతో చదవమనండి. వాక్యాలు చదివితే విననివాటిని కూడా మనసు పూరించుకుంటుంది కాబట్టి విడి మాటలే కావాలి. ఆ జాబితా చూడని మరొకరు నిరీక్షణ గదిలో తలుపుకు అతి దగ్గరి కుర్చీలో కూర్చుని, వినిపించిన మాటలను రాసుకోవాలి. రెండు మూడు మాటలకు మించి సరిగా రాయగలిగితే, ఆ వ్యక్తిని తలుపు అంచుల వెంట చెవి పెట్టి ఎక్కడ మాట తేటగా వినిపిస్తుందో గుర్తు పెట్టమనండి. వడ్రంగిని తిరిగి పిలిచి ఆ గుర్తు దగ్గర నుంచే పని మొదలుపెట్టించండి.